బెల్టు పరిచే ముందు బలం లెక్క



మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ ఆటలో యంత్రశక్తితో నడిచే బెల్టులు ఎలా కట్టాలో, కట్టేటప్పుడు దేని గురించి ఎక్కువ ఆలోచించాలో ఈ పూట మీకు చెప్పాలని ఉంది. ఇంట్లో పిల్లలున్నవాళ్ళకు ఆ ఆట పేరు కొత్త కాదు. 2009లో మార్కస్ పెర్సన్ అనే స్వీడన్ దేశస్థుడు మొదలుపెట్టాడు. 2011లో పూర్తిస్థాయి ఆటగా విడుదలైంది. 2014లో మైక్రోసాఫ్ట్ ఆ ఆట తయారుచేసే సంస్థను 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి 30 కోట్ల కాపీలు అమ్ముడుపోయాయి. ఆ లోకంలో ఉన్నవన్నీ ఘనాలే. మట్టి ఒక ఘనం, రాయి ఒక ఘనం, చెట్టు మాను ఒక ఘనం. బ్లాకులు అంటారు. తవ్వుకోవడం, పోగేసుకోవడం, పేర్చుకోవడం, అదే ఆట.

ఈ ఆటకు బయటివాళ్ళు తమంతట తాము రాసి కలిపిన చేర్పులు వేలకొద్దీ ఉన్నాయి. వాటిని మాడ్‌లు అంటారు. అందులో నన్ను బాగా పట్టుకున్నది క్రియేట్ అనే మాడ్. సిమిబుబి అన్న పేరుతో పనిచేసే డెవలపర్ దాన్ని మొదలుపెట్టారు. 2019లో బయటికి వచ్చింది. దానితో ఆటలోకి షాఫ్టులు, పళ్ళచక్రాలు, బెల్టులు, నీటిచక్రాలు, గాలిమరలు వస్తాయి. కరెంటు తీగలు లేవు, మోటారు స్విచ్చులు లేవు. ఎక్కడో ఒక చక్రం తిరగాలి, ఆ తిరుగుడు షాఫ్టుల వెంట పోయి పనిచేసే యంత్రానికి చేరాలి.

మాడ్ ఏదీ లేని మామూలు మైన్‌క్రాఫ్ట్‌లో సరుకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడానికి దారులు తక్కువ. కాలువ చేసి వస్తువును నీళ్ళలో వేస్తే కొట్టుకుపోతుంది. అయితే చదునైన చోట నీళ్ళు ఊట నుంచి ఏడు బ్లాకుల దాకానే పారతాయి, ఆ తరవాత మళ్ళీ ఊట పెట్టుకోవాలి. 2013లో వచ్చిన హాపర్ అనే ఇనుప తొట్టె సెకనుకు రెండున్నర వస్తువుల చొప్పున కిందికో పక్కకో దింపుతుంది, పైకి ఎక్కించలేదు. పట్టాల మీద నడిచే చిన్న బండి కూడా ఉంది. ఇవన్నీ సరుకును మోయగలవు, అంతే. ఆ పారే నీటితోనే ఇనుమును పలకగా కొట్టిద్దామంటే కుదరదు. క్రియేట్‌లో సరుకును కదిలించేదీ, సరుకు మీద పనిచేసేదీ ఒకే శక్తి. ఆ ఒక్క నిర్ణయంతో ఆట స్వభావమే మారిపోయింది.

గోదావరి జిల్లాల్లో పాత బియ్యపు మిల్లులు చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది. మిల్లు మొత్తానికి ఇంజను ఒకటే. పైన దూలాల కింద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక పొడుగాటి షాఫ్టు, దాని మీద వరసగా కప్పీలు, ఒక్కో కప్పీ నుంచి ఒక్కో యంత్రానికి బెల్టు. వడ్లు దంచే హల్లరుకు ఒకటి, పైకి ఎత్తిపోసే ఎలివేటరుకు ఒకటి, జల్లెడకు ఒకటి. ఏదైనా ఒక యంత్రాన్ని ఆపాలంటే ఇంజను ఆపనక్కర్లేదు, దాని బెల్టును పక్కనున్న ఉత్త కప్పీ మీదికి కర్రతో నెట్టేవారు. లైన్ షాఫ్టు అంటారు ఈ పద్ధతిని. ఇంగ్లండు, అమెరికా ఫ్యాక్టరీలు విడివిడి మోటార్లు వచ్చేదాకా చాలావరకు ఇలాగే నడిచాయి. క్రియేట్ మాడ్‌లో పిల్లలు కడుతున్నది సరిగ్గా ఆ లైన్ షాఫ్టునే. ఉత్త కప్పీ బదులు అక్కడ క్లచ్ అనే బ్లాకు ఉంటుంది. దానికి రెడ్‌స్టోన్ (ఆటలో సంకేతాలు పంపే ఎర్ర పొడి) సంకేతం అందించగానే అవతలి భాగానికి తిరుగుడు ఆగిపోతుంది, ఇవతలి భాగం తన మానాన తిరుగుతూనే ఉంటుంది.

సరే, బెల్టు దగ్గరికి వద్దాం. దాన్ని చేయడానికి రబ్బరు అక్కర్లేదు. సముద్రం అడుగున పెరిగే కెల్ప్ అనే నాచు తెచ్చి కొలిమిలో ఎండబెట్టాలి. ఎండినవి ఆరు కలిపితే ఒక బెల్టు. షాఫ్టుకు యాండిసైట్ అనే బూడిదరంగు రాయీ, ఇనుప గుళికలూ కలిపిన మిశ్రమం కావాలి. అలాంటివి రెండు పెడితే ఎనిమిది షాఫ్టులు వస్తాయి. రెండు షాఫ్టులు ఒకదానికొకటి సమాంతరంగా నిలబెట్టి, బెల్టు చేత్తో పట్టుకుని మొదట ఒకదాన్ని, తరవాత రెండోదాన్ని నొక్కితే మధ్యలో బెల్టు పరుచుకుంటుంది. పొడుగు ఇరవై బ్లాకులు మించకూడదు. చదునుగా పోవచ్చు, 45 డిగ్రీల వాలున ఎక్కవచ్చు, దిగవచ్చు. నిట్టనిలువుగా కూడా బిగించవచ్చు కానీ అలా బిగించిన బెల్టు సరుకు మోయదు, తిరుగుడు మాత్రమే అందిస్తుంది.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగుదాం. ఈ బెల్టు చేసే పనులు రెండు. పైన సరుకు మోస్తుంది. అదే సమయంలో ఈ చివర షాఫ్టు ఎంత వేగంతో ఎటు తిరుగుతోందో, ఆ చివర షాఫ్టును కూడా అంతే వేగంతో అటే తిప్పుతుంది. మధ్యలో ఎక్కడైనా షాఫ్టు గుచ్చితే అదీ తిరుగుతుంది, అక్కడి నుంచి ఇంకో యంత్రానికి శక్తి తీసుకోవచ్చు. కాబట్టి సరుకు పోయే దారీ శక్తి పోయే దారీ ఒకటే చేసుకోవచ్చు. కొత్తగా కట్టేవాళ్ళు బెల్టును ఒక కదిలే బాటగా మాత్రమే చూసి, యంత్రాలకు విడిగా షాఫ్టుల వరస వేసుకుంటారు. రెండు వరసలు, రెట్టింపు చోటు, రెట్టింపు చిక్కు. ఆ అవసరం లేదు.

ఇక అసలు విషయం, బలం లెక్క. నాకు తెలిసి ఈ మాడ్‌లో కట్టిన ఏర్పాట్లు చాలావాటికి బెల్టు సరిగా పరచకపోవడం వల్ల ఇబ్బంది రాదు. బలం లెక్క వేసుకోకపోవడం వల్ల వస్తుంది. బెల్టు పరచడం క్షణాల పని. ఆ క్షణం ముందు జరగాల్సిన ఆలోచనే పనిలో పెద్ద భాగం.

తిప్పే ప్రతిదానికీ రెండు అంకెలుంటాయి. ఒకటి నిమిషానికి ఎన్ని చుట్లు, అంటే ఆర్‌పీఎం. రెండోది అది ఎంత భారం మోయగలదన్నది. దాన్ని స్ట్రెస్ యూనిట్లలో కొలుస్తారు. ఇప్పటి వెర్షన్లలో చిన్న నీటిచక్రం 8 ఆర్‌పీఎంతో తిరుగుతూ 256 యూనిట్లు ఇస్తుంది. పెద్ద నీటిచక్రం తిరిగేది 4 ఆర్‌పీఎం మాత్రమే, ఇచ్చేది 512. చేత్తో తిప్పే మర 32 ఆర్‌పీఎం ఇస్తుంది, కానీ తిప్పుతున్నంతసేపూ మీ పాత్రకు ఆకలి పెరుగుతుంది. అవతలి వైపు, పనిచేసే యంత్రాలు ఒక్కో ఆర్‌పీఎంకు ఇంత అని భారం వేస్తాయి. లోహాన్ని పలకగా కొట్టే ప్రెస్సు 8 యూనిట్లు, తిరగలి 4, కలిపే మిక్సరు 4, గాలి ఊదే ఫ్యాను 2. బెల్టు వేసే భారం సున్నా.

ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం, కలం ఉంటే తీసుకోండి. మీ దగ్గర ఒక పెద్ద నీటిచక్రం ఉంది. 4 ఆర్‌పీఎం, 512 యూనిట్లు. ఆ వేగంతో ప్రెస్సు నడిపితే 8 ను 4 తో గుణిస్తే 32 యూనిట్ల భారమే పడుతుంది. చాలా తేలిక. కానీ ప్రెస్సు ఎంత నెమ్మదిగా దిగి లేస్తుందంటే మీరు చూస్తూ విసిగిపోతారు. మిక్సరయితే అసలు పనే చేయదు, దానికి కనీసం 30 ఆర్‌పీఎం కావాలి. కాబట్టి వేగం పెంచాలి. పెద్ద పళ్ళచక్రాన్ని చిన్న పళ్ళచక్రానికి మూలగా తగిలిస్తే వేగం రెట్టింపవుతుంది. అలా మూడుసార్లు చేస్తే 4 కాస్తా 8, 16, 32 అవుతుంది. ఇప్పుడు ప్రెస్సు భారం 8 ఇంటూ 32, అంటే 256. రెండు ప్రెస్సులు పెడితే 512. చక్రం ఇచ్చేదంతా సరిగ్గా అయిపోయింది. ఆ పక్కన ఒక్క ఫ్యాను తగిలించారనుకోండి. 64 యూనిట్లు ఎక్కువై మొత్తం ఆగిపోతుంది.

మొత్తం అంటే మొత్తమే. ఫ్యాను మాత్రమే ఆగి ప్రెస్సులు నడవడం అంటూ ఉండదు. వేగం తగ్గి ఈడ్చుకుంటూ పనిచేయడం కూడా ఉండదు. ఆ షాఫ్టుతో కలిసి ఉన్న ప్రతి చక్రం, ప్రతి బెల్టు ఒకేసారి నిలిచిపోతాయి. వందల బ్లాకుల అవతల ఎవరో కొత్తగా తగిలించిన ఒక చిన్న యంత్రం వల్ల ఇక్కడ మీ బెల్టు ఆగుతుంది. స్నేహితులు నలుగురు కలిసి ఒకే లోకంలో ఆడేచోట ఇది తరచూ జరిగే సంగతి. అందుకని షాఫ్టులను పంచుకునేవాళ్ళు ముందే మాట్లాడుకుని, ఎవరి భాగానికి ఎంత అని రాసి పెట్టుకోవడం మంచిది. మా మేనకోడలి కొడుకు, వాడి స్నేహితులు ఆటలోనే ఒక బోర్డు పాతి దాని మీద యూనిట్లు రాసుకున్నారు. ఎవరు కొత్త యంత్రం పెట్టినా ముందు ఆ బోర్డు మీద తీసివేత చేయాలి. తొమ్మిదో తరగతి పిల్లలు ఎవరూ చెప్పకుండా ఆ పద్ధతికి వచ్చారని తెలిసి నాకు ఎంతో సంతోషం కలిగింది.

పాలిటెక్నిక్‌లో గేర్ల పాఠం చెప్పినవాణ్ణి నేను. వేగం పెంచితే టార్క్ తగ్గుతుంది, రెండూ గుణిస్తే వచ్చే సామర్థ్యం మాత్రం మారదు, గేరు మార్చి అదనపు శక్తిని పుట్టించలేం అన్న మాట విద్యార్థులకు ఎక్కించడం కష్టం. సూత్రం రాస్తారు, లెక్క చేస్తారు, కానీ లోపల ఎక్కడో గేరు వేస్తే ఊరికే బలం వస్తుందన్న నమ్మకం మిగిలిపోతుంది. ఈ ఆటలో ఆ నమ్మకం మొదటి సాయంత్రమే పోతుంది. వేగం రెట్టింపు చేస్తే భారం రెట్టింపు. 64 ఆర్‌పీఎం కావాలా, అయితే ఆ చక్రానికి ఒక్క ప్రెస్సే. 32 చాలా, అయితే రెండు. ఎంచుకోవాల్సింది మీరు. ఆట ఎవరికీ వడ్డీ లేని అప్పు ఇవ్వదు.

దిశ గురించి కూడా చెప్పాలి. పళ్ళచక్రం పక్కన పళ్ళచక్రం పెట్టినప్పుడల్లా తిరిగే వైపు మారుతుంది. ఇందాక మనం మూడుసార్లు వేగం పెంచాం కదా, మూడుసార్లు దిశ కూడా తిరగబడింది. ఫలితంగా చివర బెల్టు మనం అనుకున్న వైపుకు కాక వెనక్కి నడవవచ్చు. ఇనుము ప్రెస్సు కిందికి పోవాల్సింది పోయి, వచ్చిన పెట్టె వైపే వచ్చి కింద పడుతుంది. దీనికి సులువైన మందు మధ్యలో ఇంకొక చిన్న పళ్ళచక్రం కలపడం, లేదా నీళ్ళు పారే వైపు మార్చడం. బెల్టు తన రెండు చివరలనూ ఒకే వైపు తిప్పుతుంది కాబట్టి బెల్టు ఎన్ని వేసినా దిశ మారదు. వ్యతిరేక దిశల్లో తిరుగుతున్న రెండు వరసలను పొరపాటున కలిపితే మాత్రం కలిపిన ముక్క విరిగి ఊడిపోతుంది. రెండు నీటిచక్రాలు ఒకే షాఫ్టుకు బిగించేటప్పుడు నీళ్ళు రెండింటి మీదా ఒకే వైపు పారుతున్నాయో లేదో చూసుకోవాలి. ఒకే వైపు పారితే రెండింటి బలం కూడుతుంది.

ఇప్పుడు ఇనుప పలకలు చేసే వరస ఒకటి కట్టుకుందాం. మొదట ఒక పెట్టె, అందులో ఇనుప కడ్డీలు. పెట్టె పక్కన బెల్టు మీదికి వచ్చేలా ఒక ఫనెల్. ఫనెల్ అంటే గరాటు, పెట్టెలోంచి సరుకు తీసి బెల్టు మీద పెట్టేది. యాండిసైట్‌తో చేసిన ఫనెల్ ఒక్కొక్క వస్తువే తీస్తుంది. ఇత్తడిది గుంపుగా తీయగలదు, ఏ వస్తువు తీయాలో కూడా దానికి చెప్పవచ్చు. బెల్టు మధ్యలో పైన ప్రెస్సు. బెల్టుకూ ప్రెస్సుకూ నడుమ ఒక బ్లాకు ఖాళీ వదలాలి. కడ్డీ కిందికి రాగానే ప్రెస్సు దాన్ని అక్కడే పట్టి నిలిపి, ఒక దెబ్బ కొట్టి, పలకగా మార్చి వదులుతుంది. బెల్టు చివర ఇంకో పెట్టె. చాలామంది బెల్టు నేరుగా పెట్టెకు తగిలిస్తే సరుకు దానంతట అదే లోపలికి పోతుందనుకుంటారు. పోదు. అక్కడ కూడా ఒక ఫనెల్ కావాలి. బెల్టు చివర ఏమీ లేకుండా ఖాళీగా వదిలితే సరుకు నేల మీదికి దొర్లిపోతుంది.

వరస నడిచింది. పలకలు ఇంకా త్వరగా కావాలి. ఇక్కడ అందరికీ తోచే మొదటి ఆలోచన, అదే బెల్టు మీద రెండో ప్రెస్సు పెట్టడం. పెట్టి చూడండి, ఒక్క పలక కూడా ఎక్కువ రాదు. ఎందుకంటే వచ్చిన ప్రతి కడ్డీనీ మొదటి ప్రెస్సే పట్టుకుంటుంది. రెండోదాని కిందికి చేరేసరికి అది అప్పటికే పలక, ఇంక చేయాల్సింది లేదు. కానీ ఆ రెండో ప్రెస్సు ఊరికే నిలబడి ఉన్నా 256 యూనిట్ల భారం వేస్తూనే ఉంటుంది. ఈ మాడ్‌లో పని ఉన్నా లేకపోయినా తగిలించిన యంత్రం తన భారం తాను వేస్తుంది. పోనీ బెల్టు వేగం పెంచుదామా? పెంచితే కడ్డీలు ప్రెస్సు దగ్గరికి తొందరగా వచ్చి అక్కడ బారులు తీరతాయి. వరసలో అన్నిటికన్నా నెమ్మదైన యంత్రం ఎంత ఇస్తే వరస మొత్తం అంతే ఇస్తుంది.

దారి ఏమిటంటే, ప్రెస్సుకు ముందే బెల్టును రెండుగా చీల్చడం. దానికి ఇత్తడి టన్నెల్ అనే బ్లాకు ఉంది, బెల్టు మీద చిన్న కమాను మాదిరి కూర్చుంటుంది. రెండు బెల్టులు పక్కపక్కన నడుస్తుంటే వాటి మీద రెండు టన్నెళ్ళు ఆనించి పెట్టవచ్చు. వచ్చిన సరుకును ఎలా పంచాలో దానికి చెప్పవచ్చు. సమంగా చీల్చమనవచ్చు, వంతులవారీగా ఇవ్వమనవచ్చు, దగ్గరి దారి నిండాకే అవతలికి పంపమనవచ్చు. ఇప్పుడు రెండు బెల్టులకు రెండు ప్రెస్సులు. పలకలు రెట్టింపు వస్తాయి, 512 యూనిట్లూ ఖర్చవుతాయి. పని లేని రాత్రివేళ ఒక దారిని క్లచ్‌తో తెగ్గొట్టి ఆ బలాన్ని తిరగలికి ఇచ్చుకోవచ్చు.

హెన్రీ ఫోర్డ్ 1913లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో కారు ఛాసిస్‌ను పనివాళ్ళ ముందుకు నడిపించడం మొదలుపెట్టినప్పుడు, అంతకుముందు పన్నెండున్నర గంటలు పట్టే బిగింపు కొన్ని నెలల్లో గంటా ముప్పై మూడు నిమిషాలకు దిగింది. గొలుసుతో లాగడం ఒక్కటే అందుకు కారణం కాదు. పనిని చిన్న ముక్కలుగా కోసి, ఏ ముక్క దగ్గరా వరస ఆగకుండా మళ్ళీ మళ్ళీ సర్దారు. ఇందాకటి రెండో ప్రెస్సు దగ్గర పిల్లలకు ఎదురయ్యేది అదే ప్రశ్న, చిన్న కొలతలో.

బెల్టుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గుండ్రంగా తిరిగే వరస. బెల్టు వంపు తిరగదు కాబట్టి ఒక బెల్టు చివర అడ్డంగా ఇంకో బెల్టు పెట్టి, అలా నాలుగు కలిపి చతురస్రం చేస్తారు. ప్రెసిషన్ మెకానిజం అనే సున్నితమైన యంత్రభాగం ఇలాగే తయారవుతుంది. బంగారు పలక ఒకటి బెల్టు మీద బయలుదేరుతుంది. డిప్లాయర్ అనే యంత్రపు చేయి దానికి చిన్న పళ్ళచక్రం తగిలిస్తుంది, రెండోది పెద్ద పళ్ళచక్రం, మూడోది ఇనుప గుళిక. ఇలా అయిదు చుట్లు, మొత్తం పదిహేను చేతులు పడాలి. అప్పుడు కూడా నూటికి 80 పాళ్ళే అనుకున్న వస్తువు వస్తుంది. మిగతా 20 పాళ్ళు ఏదో ఒక తుక్కు వస్తుంది, ఒక షాఫ్టో, పళ్ళచక్రమో, ఇనుప కడ్డీయో.

ఈ తుక్కే వరసను చంపుతుంది. తయారైన మెకానిజాన్ని మాత్రమే తీసేలా ఫనెల్‌కు చెప్పి ఊరుకుంటే మొదటి గంట అంతా అందంగా నడుస్తుంది. తుక్కు మాత్రం బయటికి దారి లేక చుట్లు తిరుగుతూ ఉంటుంది. ఒకటి రెండవుతుంది, రెండు పదవుతాయి, చివరికి బెల్టంతా తుక్కే. కొత్త పలక ఎక్కడానికి చోటు ఉండదు. చక్రం తిరుగుతూనే ఉంటుంది, బలం చాలినంత ఉంటుంది, పని మాత్రం జరగదు. ఇది బలం లెక్కలో దొరకని జబ్బు. కాబట్టి ఫనెల్‌ను తలకిందులుగా ఆలోచించి పెట్టాలి. ఇంకా చేతులు పడాల్సిన సగం వస్తువు ఒక్కటే బెల్టు మీద ఉండాలి, అది తప్ప మిగతా ఏదైనా సరే బయటికి పోవాలి. అలాగే లోపలికి వెళ్ళే దారిలో ఒకసారికి ఒకే పలక ఎక్కేలా ఆపు పెట్టుకోవాలి. నాలుగు ఎక్కించి తొందరపడితే వరస తన తోకను తానే అడ్డుకుంటుంది. ఏ వరస కట్టినా దానిలోంచి బయటికి రావాల్సినవి ఏవేవో ముందు రాసుకుని, ప్రతిదానికీ ఒక దారి చూపించి, ఆ తరవాతే లోపలికి పంపే ఫనెల్ తెరవాలని నా గట్టి అభిప్రాయం.

ఇంత మెచ్చుకున్నాక, ఈ ఆట నిజం నుంచి ఎక్కడ పక్కకు పోతుందో కూడా చెప్పడం నా బాధ్యత. ఇక్కడ రాపిడి లేదు. షాఫ్టు పది బ్లాకులున్నా వెయ్యి బ్లాకులున్నా బలం ఒక్క యూనిట్ కూడా తగ్గదు. బెల్టు ఖాళీగా నడిచినా నిండుగా నడిచినా, చదునుగా పోయినా వాలు ఎక్కినా భారం సున్నా. నిజం కన్వేయర్ బెల్టుకు రోలర్ల రాపిడి, ఎక్కే ఎత్తు, మోసే బరువు, ముఖ్యంగా ఈ మూడే మోటారు ఎంత పెద్దది కావాలో తేలుస్తాయి. నిజం బెల్టు సాగుతుంది, పక్కకు పోతుంది, జారుతుంది. పాత మిల్లుల్లో జారకుండా రోజనం పూసేవారు. పని లేకుండా తిరిగే నిజమైన ప్రెస్సు పనిచేసే ప్రెస్సంత శక్తి తినదు. అందుచేత ఈ ఆట చూసి బెల్టు డిజైను వచ్చేసిందనుకోకూడదు. ఆట తయారుచేసినవాళ్ళు రాపిడిని కావాలనే పక్కన పెట్టారని నేననుకుంటాను. అది కూడా ఉంటే మొదటి రోజే లెక్క చేతులు దాటిపోయేది. ఇంజనీరింగ్ చదవబోయే పిల్లలకు ఈ తేడాలన్నీ కూర్చోబెట్టి చెప్పే పెద్దవాళ్ళు ఉంటే చాలు.

నేర్చుకునే పద్ధతి మాత్రం చాలా గొప్పగా ఉంది. ఏ యంత్రమైనా పెట్టెలో ఉండగానే దాని మీద మౌసు ఉంచి డబ్ల్యూ అక్షరం నొక్కి పట్టుకుంటే పాండర్ అనే చిన్న దృశ్యం తెరుచుకుంటుంది. యంత్రం ముక్క ముక్కగా కళ్ళముందు పేరుకుంటుంది, ఎటు నుంచి తిరగాలి, సరుకు ఎటు నుంచి రావాలి అన్నీ కదిలి చూపిస్తుంది. మధ్యలో ఆపవచ్చు, వెనక్కి తిప్పి చూడవచ్చు. ఇంగ్లీషు అంతగా రాని పిల్లలకు కూడా చూస్తే తెలిసిపోతుంది. ప్రయోగశాలలో యంత్రం పక్కన ఇలాంటి దృశ్యం ఒకటి ఉంటే ఎంత బాగుండును అని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఇంకొకటి, ఇంజనీరు కళ్ళద్దాలు. వాటిని పెట్టుకుని ఏ యంత్రం వైపు చూసినా అది ఎంత భారం వేస్తోందో, తిప్పే చక్రమైతే ఎంత బలం ఇస్తోందో అంకెల్లో కనిపిస్తుంది. వాటిని చేయడానికి బంగారు పలక కావాలి, పలక చేయడానికి ప్రెస్సు కావాలి. అంటే మీ మొదటి ప్రెస్సు నడిపేనాటికి కళ్ళద్దాలుండవు, కాగితం మీది లెక్కే ఆధారం. నాకయితే ఆ వరస చాలా బాగా నచ్చింది.

మొదలుపెట్టాలనుకునేవారికి రెండు మూడు మాటలు. ఈ మాడ్ కంప్యూటర్‌లో నడిచే జావా ఎడిషన్‌కు రాసినది, ఫోనులో ఆడే మైన్‌క్రాఫ్ట్‌లో ఎక్కదు. ఆట వెర్షనూ మాడ్ వెర్షనూ ఒకదానికొకటి సరిపోవాలి, దించుకునే ముందు అది చూసుకోండి. పిల్లలు ఇదివరకే కట్టుకున్న లోకం ఉంటే దాని నకలు ఒకటి వేరేచోట దాచి, ఆ తరవాతే మాడ్ కలపండి.

లోపలికి వెళ్ళాక ఇనుప పలకల వరసతోనే మొదలుపెట్టండి, ఒక ప్రెస్సు, ఒక పెద్ద నీటిచక్రం. రెండో ప్రెస్సు కూడా పెట్టాక మీకు బలం మిగలదు. అప్పుడు గాలిమర కట్టుకోవాలి. ప్రతి ఎనిమిది తెరచాపలకు ఒక ఆర్‌పీఎం, 512 యూనిట్లు వస్తాయి. 128 తెరచాపలు కడితే 16 ఆర్‌పీఎం, 8,192 యూనిట్లు. గేర్లతో 32 ఆర్‌పీఎంకు పెంచుకుని, ఒక్కో ప్రెస్సుకు 256 చొప్పున దాన్ని భాగించి చూడండి. ముప్పై రెండు ప్రెస్సులు నడుస్తాయి. వాటికి సరిపడా ఇనుము తవ్వే డ్రిల్లులకు కూడా అందులోంచే వాటా ఇవ్వాలి, కాబట్టి ముప్పై రెండూ పెట్టకండి.